ల్యాప్‌టాప్‌లో ఉండేది కార్డు కాదు, చిప్పు: ఆ మాట అమ్మేటప్పుడే చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

గుంటూరు బ్రాడీపేటలో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే చిన్న కొట్టు నాది. పదిహేడేళ్లుగా ఇదే పని. కాలేజీలు తెరిచే రోజుల్లో పేపరు నిండా ల్యాప్‌టాప్ ఆఫర్ల ప్రకటనలు ఉంటాయి. అవి చూసి కొన్న మెషిన్లు నాలుగైదు నెలలు తిరిగేసరికి నా బల్ల మీదికి వస్తుంటాయి. వాటిలో చాలావాటికి రిపేరంటూ ఏమీ ఉండదు. "అంకుల్, దీంట్లో మంచి గ్రాఫిక్ కార్డు వేయండి, గేమ్స్ ఆగిపోతున్నాయి" అని పిల్లలు పట్టుకొస్తారు. గ్రాఫిక్ కార్డంటే తెర మీద బొమ్మలు గీసే పని చూసుకునే భాగం. వారంలో ముగ్గురు నలుగురైనా అడిగే మాట ఇది. కొన్నాక నా దగ్గరికొచ్చి తెలుసుకునేకంటే కొనకముందు మీ పత్రికలో చదివితే కొందరికైనా మేలు జరుగుతుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొన్న డిసెంబరులో సత్తెనపల్లి దగ్గరి పల్లె నుంచి ఒక తండ్రీ కొడుకూ వచ్చారు. అబ్బాయి ఇక్కడే హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. తండ్రిది మిర్చి సేద్యం. యార్డులో ఏదో పనుండి గుంటూరు వచ్చాడట, కొడుకు బతిమాలితే నా కొట్టుకి వచ్చాడు. అబ్బాయి బ్యాగులోంచి ముందు ల్యాప్‌టాప్ తీశాడు. తరవాత తువ్వాల్లో చుట్టిన అట్టపెట్టె తీసి ఎంతో జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. అందులో జీటీఎక్స్ 1660 సూపర్ అనే డెస్క్‌టాప్ గ్రాఫిక్ కార్డు ఉంది. రెండు ఫ్యాన్లు, జానెడు పొడవు, రెండు వేళ్లకు పైనే మందం. ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్‌లో తొమ్మిది వేలకు కొన్నాడు. దసరాకి మేనమామ ఇచ్చిన డబ్బులు, ఖర్చులకని ఇంటి దగ్గర ఇచ్చినవాటిలో దాచుకున్న డబ్బులు అందులో పెట్టేశాడు.

"ఇది దీంట్లో బిగించండి అంకుల్, ఎంత తీసుకుంటారు?" అన్నాడు.

కుదరదని ఒక్క మాటలో చెప్పి పంపించడానికి నాకు నోరు రాలేదు. ఇద్దరినీ కూర్చోబెట్టి ల్యాప్‌టాప్ వెనక మూత విప్పాను. ఇదిగో నాన్నా, ఇది బ్యాటరీ. ఇది ఫైళ్లు దాచే ఎస్ఎస్‌డీ, ఒక్క స్క్రూ తీస్తే వస్తుంది. ఇది పని నడిచేటప్పుడు వాడుకునే మెమరీ, అంటే ర్యామ్, అటూ ఇటూ ఉన్న క్లిప్పులు వేలితో జరిపితే పైకి లేస్తుంది. ఈ రాగి గొట్టం కింద ఉన్నది ప్రాసెసర్. నీ మెషిన్‌లో గ్రాఫిక్స్ దాని లోపలే ఉన్నాయి, విడిగా కార్డు అనేదే లేదు. నువ్వు తెచ్చినదాన్ని గుచ్చడానికి స్లాటూ లేదు. అబ్బాయి కార్డు తీసి బోర్డు మీదుగా పట్టుకుని చూశాడు. దాని కింద బోర్డు దాదాపు కనపడకుండా పోయింది. ఛార్జర్ తిప్పి దాని మీద ఉన్న అక్షరాలు చదివించాను. 65 వాట్లు. ఆ కార్డు ఒక్కటే 125 వాట్లు లాగుతుంది. ఆ రెండు అంకెలూ చూశాక అబ్బాయి ఇంకేమీ అడగలేదు.

అడిగింది తండ్రి. "మరి షాపులో అబ్బాయి, ముందు ముందు గ్రాఫిక్ కార్డు వేయించుకోవచ్చన్నాడు కదయ్యా? ఆ మాట మీదే కదా ఇది తీసుకుంది. యాభై నాలుగు వేలు పోశాను." బిల్లు తెప్పించి చూశాను. మోడల్ నంబరు, సీరియల్ నంబరు, జీఎస్‌టీ అన్నీ ఉన్నాయి. ఆ మాట మాత్రం ఎక్కడా లేదు. అది ఏ షాపో ఇక్కడ రాయను. ఎన్నో చోట్ల అదే మాట చెబుతున్నారు కాబట్టే మీకు రాస్తున్నాను.

షాపులో కుర్రాళ్లందరూ కావాలని మోసం చేస్తారని నేననను. చాలామందికి నిజంగానే తెలియదు. డెస్క్‌టాప్‌లో కార్డు మార్చడం అందరూ చూసిందే. ల్యాప్‌టాప్‌లో ర్యామ్, ఎస్ఎస్‌డీ మారుతున్నాయి కాబట్టి ఇదీ మారుతుందనుకుంటారు. పైగా "గ్రాఫిక్ కార్డు" అన్న మాటే మనల్ని తప్పుదారి పట్టిస్తోంది. కార్డు అన్నాక తీసి వేరేది పెట్టుకోవచ్చనే కదా ఎవరైనా అనుకునేది! ఇప్పుడు మన ఊళ్లలో అమ్ముతున్న ల్యాప్‌టాప్‌లలో, లక్షన్నర పెట్టి కొన్న గేమింగ్ ల్యాప్‌టాప్‌తో సహా, ఉండేది చిప్పు. మదర్‌బోర్డుకు టంకం పెట్టి అతికించేసి ఉంటుంది. దాని చుట్టూ ఉండే మెమరీ చిప్పులు కూడా అంతే. కొన్న రోజున ఏది ఉందో ఆ మెషిన్ చచ్చేదాకా అదే.

"చిప్పు ఊడదీసి ఇంకా పెద్దది వేయలేరా?" అని కొంచెం తెలిసిన పిల్లలు అడుగుతారు. అది నేను రోజూ చేసే పనే కాబట్టి వివరంగా చెబుతాను. చిప్పు అడుగున ఆవగింజ కన్నా చిన్న టంకం చుక్కలు వరసలు వరసలుగా ఉంటాయి. పెద్ద చిప్పులకైతే వెయ్యికి పైనే ఉంటాయి. సీసం లేని టంకం 217 డిగ్రీల దగ్గర కరుగుతుంది. బోర్డును కింద నుంచీ పై నుంచీ మెల్లగా వేడి చేసి, ఆ చుక్కలన్నీ ఒకేసారి కరిగిన క్షణంలో చిప్పును లేపాలి. అడుగంతా శుభ్రం చేసి, కొత్త చుక్కలు పేర్చి, మళ్లీ కూర్చోబెట్టాలి. దీన్నే రీబాలింగ్ అంటాం. చచ్చిన చిప్పు తీసి అదే నంబరు చిప్పు వేయడానికి ఈ పని చేస్తాం. అదైనా ప్రతిసారీ నిలబడదు, అందుకే నేను గ్యారంటీ తక్కువ ఇస్తాను.

పెద్ద నంబరు చిప్పు వేయాలంటే మాత్రం అడుగున చుక్కల వరస కలవదు. ఒకవేళ కలిసినా మెమరీ చిప్పులు సరిపడవు, దానికి కరెంటు అందించే కాయిల్స్ చాలవు, మెషిన్ ఆన్ చేయగానే మొదట నడిచే బయోస్ అనే ప్రోగ్రాము దాన్ని గుర్తించదు, చిన్న చిప్పు వేడికి కొలిచి పెట్టిన రాగి గొట్టాలు పెద్ద చిప్పు వేడిని మోయలేవు. కింది మోడల్‌లోకి, అదే బాడీతో వచ్చే పై మోడల్ బోర్డు మొత్తం తెచ్చి వేయడం ఒక్కటే అప్పుడప్పుడు కుదిరే దారి. బోర్డుతో పాటు వేడిని లాగే హీట్ సింకు, ఫ్యాన్లు, ఛార్జర్ కూడా మార్చాలి. లెక్కేస్తే ఆ డబ్బుకి ఇంకో మెషిన్ దరిదాపుల్లోకి వచ్చేస్తుంది.

ఇవేమీ చెప్పకుండా "అప్‌గ్రేడ్ చేసిపెడతాం" అని అడ్వాన్సు పుచ్చుకునేవాళ్లూ ఉన్నారు. విజయవాడలో ఆర్కిటెక్చర్ చదివే అమ్మాయి ఒకరు పోయిన ఏడాది ఒక మెషిన్ తెచ్చింది. ఇంటి డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్ నడవడం లేదని ఎవరికో ఇస్తే హాట్ ఎయిర్ గన్‌తో చిప్పు మీద ప్రయోగం చేశారు. చిప్పు చుట్టూ బోర్డు గోధుమరంగుకి తిరిగింది, ఒక మూల పొరలు ఉబ్బి వేలికి తగులుతున్నాయి. అలా ఉబ్బిన బోర్డును ఎవరూ బాగుచేయలేరు. ఎస్ఎస్‌డీ పాడవలేదు కాబట్టి ఆమె ప్రాజెక్టు ఫైళ్లు మాత్రం తీసి ఇవ్వగలిగాను.

అసలు మార్చుకోగలిగే ల్యాప్‌టాప్‌లే లేవా అంటే, ఉన్నాయి. ఎంఎక్స్ఎం అనే పద్ధతిలో బిస్కెట్టు ప్యాకెట్టంత కార్డు స్లాటులో గుచ్చేలా ఒకప్పుడు వచ్చేది. డెల్ ప్రెసిషన్ ఎం6700 లాంటి బరువైన వర్క్‌స్టేషన్లలో అది చూశాను. పెద్ద ఆఫీసుల నుంచి తీసేసిన సరుకులో ఇప్పటికీ అప్పుడప్పుడు దొరుకుతాయి. వాటిలోనూ ఏ కార్డు పడితే అది పడదు, బయోస్ ఒప్పుకోవాలి, హీట్ సింకు రంధ్రాలు కలవాలి. 2019లో ఏలియన్‌వేర్ ఏరియా-51ఎం అనే గేమింగ్ ల్యాప్‌టాప్ వచ్చినప్పుడు గ్రాఫిక్స్ మార్చుకోవచ్చన్న ప్రచారం బాగా జరిగింది. తరవాతి తరం కార్డులు దాంట్లోకి రాలేదని ఒక కొనుగోలుదారు 2021లో కాలిఫోర్నియాలో కోర్టుకు వెళ్లాడు. అంత డబ్బు పెట్టి కొన్నవాళ్లకే అలా అయినప్పుడు యాభై వేల మెషిన్‌కి అదే మాట చెబితే ఎలా నమ్మడం?

చేయాలనుకుంటే కంపెనీలు చేయగలవనడానికీ రుజువుంది. అమెరికాలో ఫ్రేమ్‌వర్క్ అనే కంపెనీ తెచ్చిన 16 అంగుళాల ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ భాగం వెనక నుంచి మొత్తంగా ఊడి వస్తుంది. 2024లో రేడియాన్ ఆర్ఎక్స్ 7700ఎస్ అనే గ్రాఫిక్స్ చిప్పుతో అమ్మారు. 2025లో అదే మెషిన్‌కి పట్టే ఆర్‌టీఎక్స్ 5070 భాగం తెచ్చారు. పాతది కొన్నవాళ్లు ల్యాప్‌టాప్ పారేయకుండా ఆ ఒక్క భాగం కొనుక్కుంటే సరిపోయింది. ఈ వార్త చదివిన రోజు నాకెంత సంతోషం వేసిందో! ఇన్నేళ్లుగా నా బల్ల మీద ప్రాణమున్న స్క్రీన్లు, కీబోర్డులు, బ్యాటరీలు ఒక్క చిప్పు కోసం తూకానికి పోవడం చూస్తున్నాను.

బయట పెట్టుకునే కార్డుల గురించి కూడా అడుగుతుంటారు. థండర్‌బోల్ట్ అనే వేగమైన పోర్టు ఉన్న ల్యాప్‌టాప్‌కి, కరెంటు సప్లయ్‌తో ఉన్న ఒక డబ్బాలో డెస్క్‌టాప్ కార్డు పెట్టి కేబుల్‌తో కలపొచ్చు. పనిచేస్తుంది. అయితే డెస్క్‌టాప్‌లో కార్డుకు పదహారు లైన్ల రోడ్డు ఉంటే థండర్‌బోల్ట్ 3లో నాలుగు లైన్లే, కాబట్టి కార్డు సత్తా మొత్తం బయటికి రాదు. డబ్బాకే బోలెడు ఖర్చు. పైగా తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో ఉండే టైప్-సి పోర్టు చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ, పక్కన థండర్‌బోల్ట్‌కుండే మెరుపు గుర్తు లేకపోతే ముందు కంపెనీ వివరాలు చూడకుండా డబ్బా కొనకండి. ఎస్ఎస్‌డీ స్లాటు నుంచి కేబుల్ బయటికి లాగి కార్డు కలిపే పద్ధతి కూడా ఉంది. ఇద్దరు కుర్రాళ్లకి చేసిచ్చాను. ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం వాళ్లు, తెలిసి అడిగారు. వెనక మూత మూయకుండా, కార్డూ సప్లయ్ బల్ల మీద పరుచుకుని వాడుకోవాలి. దాన్ని బ్యాగులో వేసుకుని క్లాసుకి వెళ్లలేరు.

చేయగలిగినవి కొన్ని ఉన్నాయి, వాటికి ఖర్చు తక్కువ. సత్తెనపల్లి అబ్బాయి మెషిన్‌లో పన్నెండో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఒకే ముక్క ఉంది. రెండో స్లాటు ఖాళీ. ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. ర్యామ్ ఒక ముక్క అయితే దారి ఒక్కటే, రెండు ముక్కలైతే రెండు దారులు. నా దగ్గరున్న ఇంకో 8 జీబీ ముక్క పెట్టి ఆన్ చేశాను. అంతకుముందు టాస్క్ మేనేజర్‌లో "యూహెచ్‌డీ గ్రాఫిక్స్" అని కనిపించిన చోట ఇప్పుడు "ఐరిస్ ఎక్స్ఈ" అని వచ్చింది. చిప్పు అదే, పేరు మారింది, పనీ మారింది. వాలరెంట్ అనే గేము పెట్టి చూడమన్నాను. అందరూ ఒకేచోట కాల్పులు జరుపుకునే దగ్గర ఇంతకుముందు ముక్కలు ముక్కలుగా నడిచేదట, ఈసారి ఆగకుండా నడిచింది. అబ్బాయి ముఖంలో కాస్త వెలుగు అప్పుడు కనిపించింది. పెద్ద గేములు దీంట్లో నడవవని కూడా అప్పుడే చెప్పేశాను.

విడి గ్రాఫిక్స్ చిప్పు ఉన్న మెషిన్లకైతే రెండేళ్లకోసారి దుమ్ము తీయించి, చిప్పు వేడిని రాగికి అందించే పేస్టు మార్పించాలి. పోయిన చలికాలం ఒక గేమింగ్ ల్యాప్‌టాప్ ఫ్యాను తీస్తే రాగి రెక్కల ముందు దుమ్ము దుప్పటి ముక్కలా ఒక పొరగా ఊడి వచ్చింది. గాలి పోయే దారే లేక చిప్పు తన వేగం తానే తగ్గించుకుంటుంటే, వాళ్లు కార్డు పాతబడిందని మార్చాలనుకున్నారు. దానితో వచ్చిన ఛార్జర్ పోగొట్టుకుని తక్కువ వాట్ల ఛార్జర్‌తో ఆడేవాళ్లకూ ఇదే ఇబ్బంది. మార్చాలని డబ్బు తీసేముందు ఈ రెండూ చూపించుకోండి.

ఇక కొనేవాళ్లకు ముఖ్యమైన సంగతి. మనవాళ్లు "ఎన్ని జీబీ గ్రాఫిక్ కార్డు?" అని అడుగుతారు. జీబీని బట్టి సత్తా తెలియదు. 2 జీబీ అని స్టిక్కరున్న చిన్న చిప్పు కంటే ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్సే మెరుగ్గా నడిచిన మెషిన్లు నా చేతుల మీదుగా వెళ్లాయి. పేరును బట్టీ తెలియదు. ఆర్‌టీఎక్స్ 4060 అనే ఒకే పేరున్న ల్యాప్‌టాప్ చిప్పును 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎక్కడైనా బిగించుకునే వీలు కంపెనీలకు ఉంది. తక్కువ వాట్లు ఇచ్చిన పల్చటి మెషిన్, ఎక్కువ వాట్లు ఇచ్చిన మందపాటి మెషిన్ పక్కపక్కన పెట్టి ఒకే గేము ఆడితే తేడా కంటికి కనిపిస్తుంది. డెస్క్‌టాప్ పేరు చూసి కూడా మోసపోకండి. డెస్క్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4070కి 12 జీబీ మెమరీ, ల్యాప్‌టాప్ 4070కి 8 జీబీ. లోపలి చిప్పు కూడా చిన్నదే. తరవాత మార్చుకునే వీలుంటే ఇవి తెలియకపోయినా సర్దుకోవచ్చు. మారనప్పుడు ఈ వివరాలే నాలుగేళ్ల చదువుకాలాన్ని నడిపిస్తాయి, బ్యాంకు లోనులో ల్యాప్‌టాప్ కొన్నవాళ్లకైతే వాయిదాలు తీరేదాకా.

అందుకే నేను కోరేది చిన్న విషయం. ఫ్రిజ్ కొనడానికి వెళితే చదువుకోనివాళ్లు కూడా స్టార్లు లెక్కపెట్టి కొంటున్నారు. అలాగే ల్యాప్‌టాప్ పెట్టె మీద, షాపులో ధర చీటీ మీద నాలుగు మాటలు తెలుగులో ఉండాలి. గ్రాఫిక్స్ మారుతుందా మారదా, ఎన్ని వాట్లు, ర్యామ్ స్లాటులో ఉందా బోర్డుకే అతికించారా, ఖాళీ స్లాటు ఉందా. ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి ల్యాప్‌టాప్‌లకు ఎంత తేలిగ్గా బాగుచేయించుకోవచ్చో పదికి మార్కులు వేసి అమ్మేచోటే చూపిస్తున్నారు. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. అలాంటి మార్కుల పద్ధతి మీద వేసిన మరో కమిటీ 2025 మే నెలలో నివేదిక ఇచ్చింది. అందులో ముందు వరస స్మార్ట్‌ఫోన్లది, ట్యాబ్లెట్లది. ల్యాప్‌టాప్‌లను కూడా వెంటనే చేర్చాలని మీ పత్రిక గట్టిగా అడగాలని నా మనవి. ఇంజినీరింగ్ కాలేజీలు ఇన్ని ఉన్న మన రెండు రాష్ట్రాల్లో ఇది ఎంతమంది ఇళ్ల సమస్యో మీకు వేరే చెప్పక్కర్లేదు.

అలాంటి నిబంధన వచ్చేదాకా తల్లిదండ్రులు చేయగలిగింది ఒకటుంది. "ముందు ముందు గ్రాఫిక్ కార్డు వేయించుకోవచ్చు" అని ఎవరైనా అంటే, ఆ మాట బిల్లు మీద రాసి సంతకం పెట్టమనండి. నిజమైతే రాస్తారు. రాసిచ్చి కూడా తప్పితే 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయడానికి చేతిలో కాగితం ఉంటుంది. షాపుల్లో పనిచేసే తమ్ముళ్లకూ ఒక మాట. ర్యామ్, ఎస్ఎస్‌డీ పెంచుకోవచ్చు, గ్రాఫిక్స్ మాత్రం ఇంతే అని నిజం చెప్పినా కొనేవాడు కొంటాడు. వాడికి కావాల్సిన మోడల్ మీరే చూపించొచ్చు.

ఆ అబ్బాయి కార్డు సంగతి చెప్పలేదు. అమ్మినవాడు వెనక్కి తీసుకోనన్నాడు. నా దగ్గర పాత ఐ5 బోర్డు ఒకటి, ఖాళీ క్యాబినెట్టు ఒకటి ఉన్నాయి. 450 వాట్ల ఎస్ఎంపీఎస్ (కరెంటు సప్లయ్ డబ్బా), ఒక మానిటర్ దొరికితే ఆ కార్డుతో ఇంటి దగ్గర పెట్టుకోవడానికి మంచి డెస్క్‌టాప్ అవుతుందని చెప్పాను. తండ్రి ఎంతవుతుందో అడిగి, కాసేపు లెక్కేసుకుని, "కోతలయ్యి సరుకు యార్డుకు రానీయండి, అప్పుడు చూద్దాం" అన్నాడు. హాస్టల్లో పోతుందని అబ్బాయి కార్డు నా దగ్గరే వదిలి వెళ్లాడు. దాన్ని కవర్లో పెట్టి, మీద వాడి పేరు రాసి బీరువా పై అరలో ఉంచాను. ఎస్ఎంపీఎస్ కూడా తెచ్చి దాని పక్కనే పెట్టాను.

ఇట్లు,
ఒక ల్యాప్‌టాప్ మెకానిక్,
బ్రాడీపేట, గుంటూరు